పేరుకోని నూనె సీసా

డిసెంబరులో ఒక పొద్దున్న అలమర తెరిస్తే కొబ్బరినూనె తెల్లగా పేరుకుని కనబడుతుంది. అది చూసి క్రిస్మస్ దగ్గర పడిందని సంబరపడేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట తగ్గలేదు. సీసాని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి, అది కరిగేలోపు మా చర్చి సంఘాన్నీ, అప్పటి అయ్యగారినీ, మా అమ్మనీ, ఆఖరికి నన్నూ వరసపెట్టి తిట్టుకుంటాను.

తొంభైల చివరి సంగతి. మాది రాజోలుకి ఆటోలో పావుగంట దూరంలో, కాలవగట్టు మీద ఊరు. నేను డిగ్రీ పూర్తిచేసి పక్క ఊళ్ళో చిన్న కాన్వెంటులో పాఠాలు చెప్పేదాన్ని. నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళేవాడు. అమ్మకి ఇంటిపనితోపాటు మామ్మగారి పని ఉండేది. మామ్మగారంటే మాకు చుట్టం కాదు. మా వీధి చివర, తమ్ముడి ఇంట్లో ఉండే పెళ్ళికాని ముసలావిడ. ఒకప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. పెద్ద అంటే ఆషామాషీ పెద్ద కాదు. పాట శ్రుతి తప్పుతోందని మా అమ్మని నలుగురిలో లేపి వెనక చాపకి పంపించిన మనిషి. ఆ తరవాత పదేళ్ళపాటు అమ్మ మందిరంలో గొంతెత్తి పాడలేదు.

అలాంటి మామ్మగారు నూతి దగ్గర జారిపడి, తుంటి ఎముక విరిగి మంచాన పడితే, రోజుకి రెండుసార్లు వెళ్ళి ఒళ్ళు తుడిచి, పక్కకి తిప్పి, వీపుకి నూనె రాసి వచ్చేది ఎవరనుకున్నారు? మా అమ్మే. తమ్ముడి భార్య అన్నం పెట్టేది, కాదనను. దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. "నాకా వాసన పడదండి, ఏం చెయ్యను" అనేది. "నిన్ను వెనక చాపకి తోలినావిడకి నువ్వెందుకే చాకిరీ చెయ్యడం?" అని నేను అమ్మని ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. అమ్మ సమాధానం ఎప్పుడూ ఒకటే.

"మరి ఆవిడ వీపు ఆవిడకి అందదు కదే."

ఇలా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం?

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు ముందే తేల్చి చెప్పాడు. షుగరు మనిషి, ఎముక అతుక్కునే వయసు కాదు. అయినా పూటపూటకీ పక్క మారుస్తూ, చర్మం చిట్లకుండా చూసుకుంటే ఇంకో నాలుగేళ్ళు బతుకుతుందట. వీపున పుండు పడితే మాత్రం అది మానడం కష్టమట. అంటే మామ్మగారి ప్రాణం ఆవిడ గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో లేదు, నడుము కింద జానెడు చర్మంలో ఉంది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

ఇక నూనె సంగతి. చలికాలంలో కొబ్బరినూనె కరగబెట్టుకుంటే గానీ రాయడానికి రాదు. కరగబెట్టాలంటే ఆ ఇంటి పొయ్యి అడగాలి. అడిగితే తమ్ముడి భార్య గ్యాసు బండ వైపు ఒకసారి, అమ్మ వైపు ఒకసారి చూసేది. ఆ చూపు పడలేక అమ్మ ఒక ఉపాయం చేసింది. రెండు వంతులు నువ్వుల నూనెలో ఒక వంతు కొబ్బరినూనె కలిపి, వాసన తెలియకుండా రెండు కర్పూరం బిళ్ళలు నలిపి వేసింది. ఇక ఎంత చలేసినా అది పేరుకోదు. పాత దగ్గుమందు సీసాలో పోసి చేతిసంచిలో వేసుకుని తిరిగేది. ఈ కలుపుడు సంగతి నాకూ నాన్నకీ తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్ళో చెప్పుకునేంత విశేషం అందులో ఏముంది గనక?

మా మందిరంలో ఒక అలవాటుండేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఆడవాళ్ళు నూనె సీసాలు తెచ్చి ప్రసంగ వేదిక ముందున్న బల్ల మీద పెడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వాటి మీద ప్రార్థన చేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యేదాకా సీసాలు అక్కడే ఉంటాయి. తరవాత ఎవరి సీసా వాళ్ళు తీసుకెళ్ళి మోకాళ్ళకీ నడుములకీ రాసుకుంటారు. ఆ శుక్రవారం మామ్మగారు మంచంలోంచే ఆర్డరు వేసింది.

"నా నూనె కూడా ఆ బల్ల మీద పెట్టవే. మర్చిపోయేవు, నీకసలే మతిమరుపు."

అమ్మ పెట్టింది. ఇంట్లో అలాంటిదే ఇంకో సీసాలో కొంచెం మిగిలి ఉంటే ఆ రెండు రోజులూ దాంతో సరిపెట్టింది.

ఆ రెండు రోజుల్లోనే చలి గట్టిగా పట్టుకుంది. ఆదివారం పొద్దున్న మందిరం తెరిచేసరికి బల్ల మీద ఇరవై దాకా సీసాలు, అన్నీ నెయ్యిలా గడ్డకట్టి ఉన్నాయి. ఒక్క సీసాలో మాత్రం నూనె నీళ్ళలా కదులుతోంది. పైగా లేత బంగారు రంగు. మూత తీస్తే ఏదో పరిమళం కూడానూ.

మా సంఘపెద్దగారిది కురిడీ కొబ్బరి, అంటే ఎండుకొబ్బరి వ్యాపారం. ఆయన ఆ సీసా ఎత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ ఊపి చూశారు. "నలభై ఏళ్ళ బట్టీ కొబ్బరిలోనే బతుకుతున్నానండి. ఇంత చలిలో పేరుకోని నూనె నేనెక్కడా చూళ్ళేదు. ఇది మనుషుల పని కాదండి, దేవుడి పనండి" అన్నారు.

ఇంక తిరుగేముంది? నిజానికి కొబ్బరి గురించి ఆయనకి తెలియనిది లేదు. మా కోనసీమవాళ్ళతో వచ్చిన చిక్కే అది. పెరట్లో చెట్లు, ఊళ్ళో గానుగ, ఇంటింటా డబ్బాడు నూనె. సీసాలో ఉన్నది కొబ్బరినూనె కాకపోవచ్చన్న ఆలోచన అక్కడున్న ఒక్క బుర్రకీ తట్టలేదు. వేరే జిల్లా మనిషి ఒక్కడుంటే, వాసన చూసి, "ఇది నువ్వుల నూనె కదండీ" అని అప్పుడే తేల్చేసి ఉండేవాడు.

"ఈ సీసా ఎవరిదమ్మా?" అని అయ్యగారు అడిగారు.

అమ్మ వెనక చాప మీంచి లేచింది. "నాదేనండి. అందులో మరి..." అంది.

అంతే. ఎవరో హల్లెలూయ అన్నారు, తబలా మోగింది, పాట అందుకున్నారు. "అందులో మరి" తరవాత అమ్మ ఏమందో ఎవరికీ వినబడలేదు. పాట పూర్తయ్యేసరికి అమ్మని ముందుకి నడిపించుకెళ్ళి, సంఘపెద్దలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేశారు. నేను అక్కడే ఉన్నాను. లేచి అరిచి చెప్పొచ్చు. ఆ తబలాలో నా గొంతు వినబడేది కాదులే అని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటాను.

ఆరాధన అయ్యాక అమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేసింది. నేను పక్కనే నిలబడ్డాను. "అయ్యగారండీ, అందులో ఎక్కువ నువ్వుల నూనండి. కర్పూరం కూడా వేసేనండి."

అయ్యగారు ఆ ఏడే మా సంఘానికి వచ్చిన కుర్రాయన. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. చెడ్డవాడు కాదు. అదే నా బాధ, చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఒక్క క్షణం ఆయన ముఖం పాలిపోయింది. తరవాత సర్దుకుని, "అమ్మా, ఇప్పుడప్పుడే బయటపెట్టకండి. ఇవాళ ఎంతమంది విశ్వాసం బలపడిందో మీరూ చూసేరు కదండీ. దేవుడు దేన్నైనా వాడుకుంటాడు. పైగా కర్పూరమంటే మనవాళ్ళు ఏమనుకుంటారో ఏమో" అన్నారు.

కర్పూరం దగ్గర అమ్మ తల దించుకుంది. హారతి కర్పూరం కొన్నదని తెలిస్తే, గుడికి ఎప్పుడెళ్ళావని అడిగేవాళ్ళు మా సంఘంలో కనీసం నలుగురుండేవారు.

"ఆయ్, అలాగేనండి" అంది అమ్మ.

ఆ "ఆయ్" వినగానే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మా వైపు మర్యాదలకి పెట్టింది పేరని అందరూ మెచ్చుకుంటారు. కాదండి అనడం చేతకాకపోవడాన్ని కూడా మర్యాద అనుకుంటాం మేం.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం ప్రత్యేక ప్రార్థనలు. ఓడలరేవు నుంచి, అంతర్వేది నుంచి చేపలవేటవాళ్ళు కుటుంబాలతో సహా వచ్చేశారు. కాలవగట్టు మీద ఆటోలు బారులు తీరాయి. అమ్మ కుర్చీలో కూర్చోవాలి, సాక్ష్యం చెప్పాలి, వచ్చినవాళ్ళ నుదుటికి నూనె చుక్క పెట్టాలి. సాక్ష్యం అంటే అమ్మ చెప్పేది రెండు ముక్కలే: "సీసా నాదేనండి. బల్ల మీద పెట్టేనండి." మిగతాదంతా సంఘపెద్దగారు మైకు పుచ్చుకుని పూర్తిచేసేవారు. మూడో రోజుకి సీసా సగమైతే, ఆయన ఇంటి నుంచి స్వచ్ఛమైన కొబ్బరినూనె తెచ్చి అందులో పోశారు. మర్నాటికి అది కాస్త మబ్బు పట్టింది. వచ్చినవాళ్ళలో విశ్వాసం తగ్గిందని అందుకు కారణం కూడా ఆయనే చెప్పారు. ఇంత తెలివి మరి ముక్కుకి ఎందుకు లేకపోయిందో.

ఆ సాయంత్రమే అయ్యగారు కానాలో పెళ్ళి మీద ప్రసంగం చేశారు. ప్రభువు నీళ్ళని ద్రాక్షారసంగా మార్చిన సంగతి. సూచక క్రియల్లో, అంటే ప్రభువు చేసిన అద్భుతాల్లో, అది మొదటిదని, చూసినవాళ్ళు నమ్మారని చెప్పుకుంటూ పోయారు. ఆ రసం ఎక్కడిదో విందు పెద్దకి తెలియదనీ, నీళ్ళు తోడిన పనివాళ్ళకి మాత్రం తెలుసనీ ఆ వాక్యంలోనే ఉంది. ఆయన ఆ ముక్క గబగబా చదివేసి దాటిపోయారు. నీళ్ళు తోడినావిడ ఆయన పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నాకు పళ్ళు నూరుకోవడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచలేదు. ప్రభువు తువ్వాలు నడుముకి చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి కూడా అదే సువార్తలో ఉంది. దానికోసం ఆటోలు కట్టించుకుని వచ్చినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

అమ్మకి తీరిక లేదు గనక మామ్మగారి పని నామీద పడింది. "ఈ నాలుగు రోజులూ నువ్వెళ్ళవే, నీకు పుణ్యవుంటుంది" అంది అమ్మ. ఇష్టం లేకుండా వెళ్ళాను, ఆ ఇష్టం లేకపోవడం దాచుకోనూ లేదు. ఇంట్లో మిగిలిన కలుపు నూనె అయిపోయింది. మామూలు కొబ్బరినూనె గడ్డని వేలితో తీసి చల్లగా వీపుకి రాసేదాన్ని.

"ఏటే, చేతులా ఐసు గడ్డలా? మీ అమ్మ అరిచేతులు రుద్దుకుని గానీ నామీద చెయ్యి వేసేది కాదు. నా నూనె ఏదీ?"

మీ నూనె అద్భుతం అయిపోయిందండి అని జరిగినదంతా చెప్పాను. మామ్మగారు మంచం కిర్రుమనేలా నవ్వింది. "నువ్వుల నూనె వాసన తెలీదా ఆ వెర్రిమొహాలకి? మంచాన పడింది నేను, నా ముక్కు కాదు." అంటే ఆవిడకి ముందు నుంచీ తెలుసు. ఊరు ఊరంతటిలో ఆవిడ ఒక్కతే కనిపెట్టింది. మరుక్షణమే, తడిగుడ్డ సరిగ్గా పిండలేదని నన్ను తిట్టింది.

నాకు అప్పుడు అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దే పని. మొదటి మూడు రోజులు రెండుపూటలా వెళ్ళాను. తరవాత ఒకపూటే వెళ్ళాను. ఎనిమిదో రోజు అసలు వెళ్ళలేదు. తమ్ముడి భార్య ఇంట్లోనే ఉంటుంది కదా, చూసుకోదా ఏంటి అనుకున్నాను. ఆవిడ రెండుపూటలా మందిరంలో ముందు వరసలో కూర్చుని మోకాలికి నూనె రాయించుకుంటోందని నాకు తెలుసు. తెలిసే అలా అనుకున్నాను. ఒక వీపు కోసం కలిపిన నూనె చుట్టూ ఊరంతా మూగింది. ఆ వీపు దగ్గర ఒక్కరూ లేరు. నేనూ లేను.

తొమ్మిదో రోజు పొద్దున్న ప్రార్థన ఎగ్గొట్టి అమ్మే స్వయంగా వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. మామ్మగారిని పక్కకి తిప్పేసరికి నడుము కింద ఎముక మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం చిట్లి ఉంది. చుట్టూ ఎర్రగా కమిలిపోయింది.

"ఎప్పటి నుంచి?" అని అమ్మ నన్ను అడిగింది.

"నిన్న నేను రాలేదమ్మా" అన్నాను. మొన్న వచ్చాను గానీ సరిగ్గా చూడలేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నీళ్ళు కాచుకొచ్చి పుండు కడిగింది. ఈసారి పొయ్యి ఎవరినీ అడగలేదు, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి వెలిగించేసింది. మామ్మగారు ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది.

సాయంత్రం మందిరం కిటకిటలాడుతోంది. సంఘపెద్దగారు మైకు అందుకోబోతుంటే అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. పాట కోసం ఆగలేదు. మా అమ్మ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒక మాట చెప్పాలండి. ఆ సీసాలో ఉంది రెండొంతులు నువ్వుల నూనండి. అందుకే పేరుకోలేదు. వాసన కోసం కర్పూరం వేసేను. కొట్లో కొన్నాను, గుళ్ళో కాదు. మామ్మగారి వీపుకి రాయడానికి కలిపేనండి. నన్ను తొమ్మిది రోజులు ఈ కుర్చీలో కూర్చోబెట్టేరు, నేనూ కూర్చున్నాను, తప్పు నాదే. అక్కడ ఆవిడకి పుండు పడింది. దేవుడి సూచనే అయితే నన్ను ఆవిడ దగ్గరికి తోలాలి గానీ, కుర్చీలో కూర్చోబెడతాదా అండీ?"

తబలా అతను చేతులు గాల్లోనే ఆపేశాడు. అయ్యగారు నేల చూస్తున్నారు. సంఘపెద్దగారు ముందు తేరుకుని, "నలభై ఏళ్ళ అనుభవం నాది. ఈవిడ సాతాను శోధనలో పడి ఏదో మాట్లాడేస్తంది" అన్నారు. ఓడలరేవు నుంచి వచ్చిన ఒకావిడ లేచి, "అది కాదండి, మరి నా మోకాలు తగ్గింది కదండీ" అని అడిగింది. పాపం, ఏడుపు గొంతుతో అడిగింది.

"తగ్గితే సంతోషవండి" అంది అమ్మ. "ఆ కాలితో నడిచెళ్ళి, లేవలేనోళ్ళకి కాస్త మంచినీళ్ళు ఇవ్వండి."

బల్ల మీద సీసా తీసుకుని సంచిలో వేసుకుని బయటికి నడిచింది. తిన్నగా మామ్మగారింటికే వెళ్ళింది.

ఆ తరవాత మేమిద్దరం పూట తప్పకుండా వెళ్ళాం. వారానికి రెండుసార్లు అమలాపురం నుంచి మందులు తెచ్చి కట్టు కట్టాం. తమ్ముడి భార్య కూడా పొయ్యి గురించి ఇంకెప్పుడూ ఏమీ అనలేదు. నేను అరిచేతులు రుద్దుకుని వేడెక్కాకే చెయ్యి వెయ్యడం నేర్చుకున్నాను. నాలుగు రోజులకి అయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ప్రార్థన చేసి వెళ్దామనుకున్నారు కాబోలు. "వచ్చేరా అయ్యగారండీ, ఆ భుజం పట్టుకోండి, ఈవిణ్ణి తిప్పాలి" అంది అమ్మ. ఆయన చేతిలో పుస్తకం కిటికీలో పెట్టి పట్టుకున్నారు. కట్టు విప్పేసరికి ముఖం తిప్పేసుకున్నారు. "ప్రార్థన తరవాత చేద్దువు గానీ, ముందు గట్టిగా పట్టుకో నాయనా" అంది మామ్మగారు. తెల్లచొక్కాకి మరకయింది. ఆ తరవాత కూడా వచ్చేవారు, నీళ్ళ బకెట్టు మోసేవారు. వేదిక ఎక్కి మాత్రం ఆ నువ్వుల నూనె మాట ఏనాడూ ఎత్తలేదు. ఆ ఒక్కటీ నేను ఆయనకి క్షమించలేకపోయాను.

పుండు మానలేదు. వేసవిలో మామ్మగారు పోయారు. షుగరు వల్ల అన్నాడు డాక్టరు. అవుననే అన్నారు అందరూ. నేను వెళ్ళని ఆ రోజు సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్ళీ ఎత్తలేదు. పోవడానికి రెండు రోజుల ముందు నేను చెయ్యి వేస్తే మామ్మగారు కళ్ళు తెరవకుండానే, "ఇవాళ చేతులు వెచ్చగా ఉన్నాయి" అంది. ఆవిడ నోటివెంట నేను విన్న మెప్పు అదొక్కటే. అది తలుచుకుంటే నాకు ఇంకా ఏడుపొస్తుంది.

ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో గడిచాయి. అమలాపురంలో పెద్ద మైదానంలో సభలంటే అమ్మని తీసుకుని వెళ్ళాను. అమ్మకి అప్పటికి చెవులు మందగించాయి, మైకులో మాటలు సరిగ్గా అందేవి కావు. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు హఠాత్తుగా కోనసీమలో ఒక పల్లెటూరు, ఒక పేదరాలు, ఒక నూనె సీసా అని మొదలుపెట్టాడు. మా ఇరవై సీసాలు రెండొందలయ్యాయి. ఆ నూనె ఏడాదంతా పేరుకోలేదట. ఓడలరేవు ఆవిడ మోకాలు కాస్తా గుడ్డివాడి కళ్ళయిపోయింది. నువ్వులు లేవు, కర్పూరం లేదు, మామ్మగారు లేరు. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు నెత్తురు ఉడికిపోయింది. మొదటిసారి తబలాకి భయపడి నోరు మూసుకున్నాను, ఈసారి ఊరుకోకూడదనుకుని లేచి నిలబడ్డాను.

అమ్మ నా చీరచెంగు పట్టుకుని లాగింది. "ఏటే, ఎందుకు లేచేవు?"

"అమ్మా, వాళ్ళు చెప్తున్నది మన సీసా గురించే! మళ్ళీ అదే అబద్ధం..."

అమ్మ ఒక క్షణం వేదిక వైపు చూసింది.

"మామ్మగారి వీపు గురించేమైనా చెప్పేడా?"

"లేదు."

"అయితే అది మన సీసా కాదు. కూర్చోవే, వెనకాలోళ్ళకి అడ్డం."